సబ్‌వూఫర్: ముందు చోటు, తర్వాతే సౌండు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సబ్‌వూఫర్ (బేస్‌ను, అంటే బాగా కింది స్వరాలను మాత్రమే మోగించే స్పీకర్ పెట్టె) గురించినవే. ఒకరికి మోత ఎక్కువ, ఒకరికి బేస్ చాలదు, ఇంకొకరికి కింది ఫ్లాటువాళ్లతో గొడవ. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. ఉత్తరాలను కుదించి, ఊరి పేరు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. టీవీకి కుడిపక్క మూలలో 10 అంగుళాల సబ్‌వూఫర్ పెట్టాం. సోఫా వెనక గోడకు ఆనించి ఉంటుంది. పాటల్లో కొన్ని స్వరాలకు గదంతా గుయ్యిమంటుంది, కొన్ని అసలు వినపడవు. హాలు నడుమ నిలబడితే బేస్ సన్నబడిపోతుంది. సబ్‌వూఫర్‌లోనే లోపమా? (హనుమకొండ)

జవాబు: పెట్టెను అనుమానించాల్సిన పని లేదండీ. మీరు చెప్పిన మూడు లక్షణాలూ గది కొలతల్లోంచే వస్తున్నాయి. ధ్వని సెకనుకు దాదాపు 1130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, 1130ని దాంతో భాగించండి. ఆ రెండు గోడల మధ్య ఏ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే అంకె, కొలమానం హెర్ట్జ్) చిక్కుకుని మోగుతుందో తెలుస్తుంది. మీ పొడవుకు 35 హెర్ట్జ్, వెడల్పుకు 47, ఎత్తుకు 56 వస్తాయి. వాటి రెట్టింపులు 70, 94, 113 కూడా లెక్కలోవే. వీటి ఒత్తిడి గోడల దగ్గర ఎక్కువ, మూలల్లో మరీ ఎక్కువ. 35, 47, 56 మాత్రం తమ తమ గోడలకు సరిగ్గా నడుమన దాదాపు సున్నాకు పడిపోతాయి. హాలు మధ్యలో బేస్ సన్నబడటానికి కారణం ఇదే. బేస్ గిటార్ అన్నిటికంటే లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర, దాని పక్క తీగ 55 దగ్గర. కాబట్టి పాటలో ఒక స్వరం మీ గది కొలతకు సరిగ్గా తగులుతుంది, పక్క స్వరం రెంటికీ మధ్యన పడి తేలిపోతుంది.

మూలలో ఉన్న సబ్‌వూఫర్ మూడు కొలతలనూ ఒకేసారి రెచ్చగొడుతుంది. వెనక గోడకు ఆనుకున్న సోఫాలో మీ చెవులు 35కీ, 70కీ రెండింటికీ గరిష్ఠ స్థానంలో ఉన్నాయి. అంటే మోత పుట్టే చోటా, వినపడే చోటా రెండూ చెడ్డవే.

ముందుగా కదిలించాల్సింది సోఫాను. దాన్ని మూడడుగులు ముందుకు తెస్తే 70 హెర్ట్జ్ మోత లెక్కప్రకారం 8 డెసిబెల్స్ (సౌండు గట్టిదనానికి కొలమానం) దాకా తగ్గుతుంది. 35 మాత్రం ఒకటిన్నర డెసిబెల్ మేరే తగ్గుతుంది, కాబట్టి సినిమాల్లో దెబ్బ ఎక్కడికీ పోదు. నాలుగడుగులు జరిపితే 70 దాదాపు మాయమవుతుంది, అదీ మంచిది కాదు. నడిచే దారి పోతుందని ఇంట్లో ఒప్పుకోకపోతే రెండడుగులైనా జరపండి, 3 డెసిబెల్స్ దక్కుతాయి. హాలు నడిమధ్యన, అంటే ఎనిమిదడుగుల దగ్గర మాత్రం కూర్చోవద్దు.

కూర్చునే చోటు ఖాయమయ్యాక సబ్‌వూఫర్‌కు చోటు వెతకాలి. మిగతా స్పీకర్లన్నీ ఆపేయండి. సోఫాను పక్కకు లాగి, మీ తల ఉండే చోట కదలని బల్ల వేసి, దానిమీద సబ్‌వూఫర్ పెట్టండి. 30, 40, 50, 60, 70, 80 హెర్ట్జ్ టోన్లను (ఒకే ఫ్రీక్వెన్సీలో ఆగకుండా మోగే శబ్దాలను) ఒక్కొక్కటి పది సెకన్ల చొప్పున వరసగా మోగించండి. సౌండు మామూలుగా మాట్లాడుకునే స్థాయికి మించొద్దు, ఆగకుండా మోగే టోనుకు వాయిస్ కాయిల్ (లోపలి కోనును ఆడించే తీగచుట్ట) వేడెక్కుతుంది. ఇప్పుడు ముందు గోడ వెంబడి, ఆ తర్వాత పక్క గోడల వెంబడి మోకాళ్ల మీద అడుగడుగూ కదులుతూ వినండి. చెవి నేలకు అడుగు ఎత్తులో, అంటే రేపు ఊఫర్ (శబ్దం పుట్టించే కోను) ఉండే ఎత్తులో ఉండాలి. ఆరు టోన్లూ ఇంచుమించు సమానంగా వినిపించిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎక్కడ గట్టిగా మోగితే అదే మంచి చోటనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మనకు కావాల్సింది సమానత్వం. గట్టిదనం నాబ్‌తో ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు.

చోట్లు తారుమారు చేసినా ఈ పద్ధతి పనిచేయడానికి కారణం ఉంది. గదిలో ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు ధ్వని ఎలా చేరుతుందో, తిరుగుదారిలోనూ అలాగే చేరుతుంది. సోఫాలో పెట్టి గోడ దగ్గర విన్నది, గోడ దగ్గర పెట్టి సోఫాలో వినేదానికి సమానం.

మీలాంటి హాల్లో ముందు గోడ మధ్యభాగం తరచుగా నెగ్గుతుంది, ఎందుకంటే వెడల్పు తాలూకు 47 హెర్ట్జ్ అక్కడి నుంచి పెద్దగా లేవదు. టీవీ యూనిట్ అడ్డమైతే దాని పక్కనే పెట్టండి, అరలో మాత్రం దూర్చవద్దు. పెట్టెను గోడకు అడుగు లోపే ఉంచండి. మూడున్నర అడుగులు ముందుకు లాగితే గోడకు తగిలి తిరిగొచ్చే ధ్వని 80 హెర్ట్జ్ దగ్గర అసలు ధ్వనినే కొట్టేస్తుంది. స్పీకర్లు ఆపిన చోట సబ్‌వూఫర్ అందుకునే అతుకు కూడా సాధారణంగా ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే. పెట్టెలోంచి గాలి ఆడే పోర్టు రంధ్రం వెనకవైపుంటే గోడకు కనీసం ఆరంగుళాల ఖాళీ ఉంచాలి. మూల వదిలినందుకు సౌండు కొంత తగ్గుతుంది, కంగారుపడకండి. లెవెల్ ఎలా పెట్టాలో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: రిసీవర్‌లో (స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్లిఫయర్ పెట్టెలో) టెస్ట్ టోన్ పెట్టి ఫోన్ యాప్‌తో కొలిచాను. ముందు స్పీకర్లు 75 చూపించాయి, సబ్‌వూఫర్ 50 దాటలేదు. నాబ్ పూర్తిగా తిప్పి, రిసీవర్‌లోనూ పెంచి దగ్గరికి తెచ్చాను. ఇప్పుడు వార్తలు పెట్టినా కిటికీలు ఊగుతున్నాయి. (విజయవాడ)

జవాబు: మీ యాప్ డీబీఏలో, అంటే ఎ-వెయిటింగ్‌తో, కొలిచి ఉంటుంది. ఎ-వెయిటింగ్ అంటే చిన్న సౌండ్లకు మన చెవి స్పందించే తీరును అనుకరించే లెక్క. అది 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్, 31.5 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెల్స్ కోసేస్తుంది. సి-వెయిటింగ్ అదే చోట్ల కోసేది 1.3, 3 మాత్రమే. కాబట్టి లెవెల్ కలపడానికి సి-వెయిటింగే (డీబీసీ) వాడాలి, మీటర్ స్పందన స్లో అనే సెట్టింగులో ఉండాలి. యాప్‌లో డీబీసీ పెట్టుకున్నా ఇంకో చిక్కు మిగులుతుంది. ఫోన్ మైకులు మాటల కోసం చేసినవి, గాలి హోరు వినపడకూడదని చాలా ఫోన్లు కింది ఫ్రీక్వెన్సీలను లోపలే తగ్గించేస్తాయి. ఒకే టోనును రెండు చోట్ల పోల్చడానికి ఫోన్ పనికొస్తుంది. స్పీకర్‌ను సబ్‌వూఫర్‌తో పోల్చడానికి మాత్రం నమ్మవద్దు. సి-వెయిటింగ్ ఉన్న మామూలు సౌండ్ లెవెల్ మీటర్ గానీ, యూఎస్‌బీ కొలత మైకూ ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేరూ గానీ సమకూర్చుకోండి.

ఇక మొదటినుంచి మొదలుపెట్టండి. ఫ్యాను, ఏసీ ఆపండి. ఫ్యాను గాలి మైకుకు తగిలితే మీటర్ దాన్ని బేస్ కిందే లెక్కేస్తుంది. సబ్‌వూఫర్ వెనక గెయిన్ నాబ్ (దాని సౌండు పెంచేది) సగానికి పెట్టండి. అక్కడే ఉండే లోపాస్ నాబ్‌ను (ఏ ఫ్రీక్వెన్సీకి పైన కోయాలో చెప్పేది) చివరిదాకా తిప్పండి, ఎల్ఎఫ్ఈ (సినిమాల్లో బేస్‌కు విడిగా ఉండే ట్రాక్) అనే స్థానం ఉంటే దానికి మార్చండి. రిసీవర్ ఎలాగూ క్రాస్‌ఓవర్ (బేస్‌ను సబ్‌వూఫర్‌కూ మిగతాది స్పీకర్లకూ పంచడం) చేస్తుంది, రెండోసారి ఇక్కడ కూడా కోస్తే అతుకు దగ్గర గుంట పడుతుంది. రిసీవర్ మెనూలో స్పీకర్లన్నీ స్మాల్, క్రాస్‌ఓవర్ 80, ఎల్ఎఫ్ఈ లోపాస్ 120 ఉంచండి. బేస్ అవుట్‌పుట్ దగ్గర ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్ అని ఉంటే దాన్ని ఎల్ఎఫ్ఈకి మార్చండి. లేకపోతే ఒకే బేస్ స్పీకర్లలోనూ సబ్‌వూఫర్‌లోనూ మోగి రెట్టింపవుతుంది.

మీటర్‌ను చేత్తో పట్టుకోకుండా ట్రైపాడ్ మీద, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో నిలబెట్టండి. రిసీవర్ టెస్ట్ టోన్‌తో ఒక్కో స్పీకర్‌ను 75కి తెచ్చి, ఆఖరున సబ్‌వూఫర్‌ను కూడా 75కి తెండి. సబ్‌వూఫర్ టోనుకు మీటర్ రెండు మూడు డెసిబెల్స్ అటూ ఇటూ ఊగుతుంది, మధ్య అంకెను తీసుకోండి. అంతా అయ్యాక రిసీవర్‌లో సబ్‌వూఫర్ ట్రిమ్ (లెవెల్ సవరింపు అంకె) మైనస్ 6కీ సున్నాకీ మధ్య ఉంటే గెయిన్ సరిగ్గా ఉన్నట్టు. ప్లస్ వైపు బాగా ఎక్కిందంటే గెయిన్ తక్కువైంది, రిసీవర్ అవుట్‌పుట్ గట్టి సన్నివేశాల్లో వికటిస్తుంది. గెయిన్ కొంచెం పెంచి మళ్లీ కొలవండి.

సినిమాల్లోని ఎల్ఎఫ్ఈ ట్రాక్‌ను మిగతా ఛానెళ్లకంటే 10 డెసిబెల్స్ ఎక్కువగా మోగించేలా డాల్బీ పద్ధతి రూపొందింది, ఆ పెంపు రిసీవర్‌లోనే జరిగిపోతుంది. అందుకోసం మీరు విడిగా కలపనక్కర్లేదు. రుచికొద్దీ 3 డెసిబెల్స్ పెంచుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆ పని మాత్రం రిసీవర్ ట్రిమ్‌లో చేయండి, పాత అంకె రాసిపెట్టుకోండి. మగ గొంతు ఛాతీలోంచి బుంగలా వినిపిస్తే ఎక్కువైందని గుర్తు.

ప్రశ్న: ఆటో క్యాలిబ్రేషన్ (రిసీవర్ మైకుతో కొలిచి తానే సర్దుకోవడం) చేశాక రిసీవర్ సబ్‌వూఫర్ దూరం 18 అడుగులు అంటోంది. టేపు పెట్టి కొలిస్తే 11. ట్రిమ్ మైనస్ 12 చూపిస్తోంది. దూరం సరిచేయాలా? (రాజమహేంద్రవరం)

జవాబు: దూరం ముట్టుకోకండి. రిసీవర్ కొలిచేది టేపు దూరం కాదు, ధ్వని వచ్చి చేరడానికి పట్టిన సమయం. సబ్‌వూఫర్ లోపలి ఫిల్టర్లూ, డిజిటల్ ప్రాసెసింగూ కొన్ని మిల్లీసెకన్లు తినేస్తాయి. అడుగుకు 0.9 మిల్లీసెకను చొప్పున, మీ పెట్టె ఆరు మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తోందని ఆ ఏడడుగుల తేడాకు అర్థం. 80 హెర్ట్జ్ అల పొడవు 14 అడుగులు. 18ని 11 చేశారంటే సరిగ్గా సగం అల పక్కకు జరిపినట్టు. అప్పుడు క్రాస్‌ఓవర్ దగ్గర స్పీకర్లూ సబ్‌వూఫరూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

సరిచేయాల్సింది ట్రిమ్‌ను. చాలా రిసీవర్లలో మైనస్ 12 అనేది అట్టడుగు అంకె. అంటే ఇంకా తగ్గించాల్సి ఉన్నా తగ్గించే చోటు లేక అక్కడ ఆగిపోయింది, మీ లెవెల్ ఎంతో దానికీ తెలియదు. దీనికి ఇంకో దుష్ఫలితం కూడా ఉంది: కేబుల్లో సిగ్నల్ మరీ బలహీనమై, తక్కువ సౌండులో సబ్‌వూఫర్ ఆటో-ఆన్ లేవదు, పాట మధ్యలో నిద్రపోతుంది. గెయిన్ నాబ్‌ను ఇప్పుడున్న చోటునుంచి కొద్దికొద్దిగా తగ్గిస్తూ మళ్లీ క్యాలిబ్రేట్ చేసి, ట్రిమ్ మైనస్ 5 చుట్టుపక్కలకు రానివ్వండి.

ప్రశ్న: ఫేజ్ స్విచ్ 0లో ఉంచాలా, 180లోనా? రెంటికీ తేడా తెలియడం లేదు. (విశాఖపట్నం)

జవాబు: సబ్‌వూఫర్ ఒక్కటే మోగుతుంటే తేడా ఎప్పటికీ తెలియదు. ఫేజ్ అంటే స్పీకర్లతో దానికున్న సంబంధం, రెంటి అలలూ కలిసి లేస్తున్నాయా, ఎదురెదురుగానా అన్నది. ముందు రెండు స్పీకర్లూ సబ్‌వూఫరూ కలిపి 80 హెర్ట్జ్ టోన్ మోగించండి, మీ క్రాస్‌ఓవర్ వేరైతే ఆ అంకె. మీ చోట్లో కూర్చుని ఇంట్లో ఒకరిని స్విచ్ మార్చమనండి. గట్టిగా వినిపించిందే సరైనది. ఇక్కడ ఫోన్ యాప్ కూడా చాలు, ఒకే టోనును పోలుస్తున్నాం కాబట్టి.

స్విచ్ కాకుండా గుండ్రటి నాబ్ ఉంటే ఒక కిటుకు. గరిష్ఠాన్ని చెవితో పట్టుకోవడం కష్టం, చుట్టుపక్కలంతా ఒకేలా వినిపిస్తుంది. కనిష్ఠం మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. రెండు స్పీకర్ల వైర్లనూ, రెండింటినీ సుమా, ఎరుపు నలుపు తాత్కాలికంగా తారుమారు చేయండి. తారుమారు చేసేముందు యాంప్లిఫయర్ ఆపడం మరవద్దు. నాబ్ తిప్పుతూ టోను బాగా పల్చబడిన చోట ఆపండి. మళ్లీ వైర్లు మామూలుగా పెడితే అదే గరిష్ఠం. రిసీవర్ ఉన్నవాళ్లు ఇంకా నాజూగ్గా సరిచేయాలనుకుంటే సబ్‌వూఫర్ దూరాన్ని అరడుగు చొప్పున మార్చి చూడొచ్చు. 80 హెర్ట్జ్ దగ్గర అడుగు అంటే 25 డిగ్రీలు.

ప్రశ్న: కొలత మైకుతో చూస్తే 42 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్స్ లోతు గుంట ఉంది. ఈక్వలైజర్‌తో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సాధనం) అక్కడ 12 పెంచాను. గుంట అలాగే ఉంది, సబ్‌వూఫర్ మాత్రం టపటపలాడుతోంది. (కరీంనగర్)

జవాబు: వెంటనే ఆ పెంపు తీసేయండి. 12 డెసిబెల్స్ అంటే 16 రెట్ల పవర్. 100 వాట్లు అడిగే చోట 1600 అడుగుతున్నారు, కోను తన హద్దు దాటి కొట్టుకుంటోంది. అంత చేసినా గుంట పూడదు, ఎందుకంటే అక్కడ నేరుగా వచ్చే ధ్వనిని గోడకు తగిలి వచ్చే ధ్వని కొట్టేస్తోంది. మీరు ఒకదాన్ని పెంచితే రెండోదీ అంతే పెరుగుతుంది. గుంటకు మందు జరపడమే. సబ్‌వూఫర్‌నో కుర్చీనో అడుగు, అడుగున్నర జరిపి మళ్లీ కొలవండి. శిఖరాలకు మాత్రం ఈక్వలైజర్ చక్కగా పనిచేస్తుంది. శిఖరం ఎంత సన్నగా ఉందో అంత సన్నని ఫిల్టర్ పెట్టి తగ్గించండి. ఒక్క చోట కొలిచి ఫిల్టర్లు వేయకండి, పక్క సీట్లలోనూ కొలిచి అన్నింటిలోనూ కనిపించే శిఖరాలనే కోయండి.

ప్రశ్న: నా దగ్గరున్నది పాత స్టీరియో యాంప్లిఫయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. సబ్ అవుట్ లేదు. రికార్డ్ అవుట్ నుంచి సబ్‌వూఫర్‌కు ఇవ్వొచ్చా? కర్ణాటక సంగీతం, పాత పాటలే వింటాను. (గుంటూరు)

జవాబు: రికార్డ్ అవుట్ వద్దండీ. అది వాల్యూమ్ నాబ్‌ను పట్టించుకోదు. మీరు పాట తగ్గించినా సబ్‌వూఫర్ అదే జోరులో ఉంటుంది. ప్రీ అవుట్ (వాల్యూమ్ నాబ్ తర్వాతి సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉంటే దాన్ని వాడండి. లేదంటే సబ్‌వూఫర్ వెనక స్పీకర్ లెవెల్ లేదా హై లెవెల్ అని రాసున్న టెర్మినళ్లు వెతకండి. యాంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్ల నుంచే, ఇప్పుడున్న స్పీకర్ వైర్లతో పాటు, ఇంకో జత వైర్లు అక్కడికి లాగండి. ఆ ఇన్‌పుట్‌కు వేల ఓముల నిరోధం ఉంటుంది కాబట్టి యాంప్లిఫయర్ మీద భారం పడదు. ఒక్క హెచ్చరిక: కొన్ని యాంప్లిఫయర్లలో, ముఖ్యంగా కొత్తగా వస్తున్న చిన్న క్లాస్ డి వాటిలో, నలుపు టెర్మినల్ గ్రౌండ్ కాదు. రెండు ఛానెళ్ల నలుపులనూ సబ్‌వూఫర్ లోపల కలిపేస్తే అవి కాలిపోవచ్చు. మాన్యువల్‌లో బ్రిడ్జ్‌డ్, బీటీఎల్ లాంటి మాట కనిపిస్తే ఇలా కలపవద్దు.

ఇక్కడ క్రాస్‌ఓవర్ చేసే రిసీవర్ లేదు, మీ స్పీకర్లు తమ బేస్ తామే వాయిస్తాయి. కాబట్టి సబ్‌వూఫర్ లోపాస్‌ను అవి చేతులెత్తేసే చోట మొదలుపెట్టాలి. స్పీకర్ స్పెసిఫికేషన్లో 55 హెర్ట్జ్ అని ఉంటే నాబ్‌ను 50 దగ్గర పెట్టి వినండి, కావాలంటే 60కి ఎక్కండి. గెయిన్ సున్నా నుంచి మెల్లగా పెంచండి. మృదంగం తొప్పి దెబ్బకు ఒళ్లు రావాలి, ఆ దెబ్బ సాగకూడదు. సబ్‌వూఫర్ ఉన్నట్టు విడిగా తెలిసిన క్షణాన ఒక గీత వెనక్కి తగ్గించండి. ఆపి చూస్తే మాత్రం ఏదో పోయినట్టుండాలి. అదే మీ లెవెల్.

ప్రశ్న: సెట్‌టాప్ బాక్స్ కలిపినప్పటినుంచి సబ్‌వూఫర్‌లో ఆగకుండా గూఁ అనే శబ్దం. (తిరుపతి)

జవాబు: గోడలోంచి సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కోయాక్సియల్ కేబుల్ ఒక్కదాన్నీ పీకి చూడండి. ఆ గూఁ శబ్దం (హమ్) పోతే గ్రౌండ్ లూప్ అని తేలినట్టే: మేడ మీది డిష్‌కు ఒక ఎర్త్, మీ సాకెట్‌కు ఒక ఎర్త్, రెంటి మధ్యా తేడా 50 హెర్ట్జ్ హమ్‌గా వినపడుతోంది. కేబుల్ టీవీ అయితే లైన్‌లో గ్రౌండ్ ఐసొలేటర్ పెట్టించండి. డిష్ లైన్ మీదుగా ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ అందుకునే భాగానికి) కరెంటు వెళ్తుంది, అక్కడ మామూలు ఐసొలేటర్ పనిచేయదు. రిసీవర్‌కూ సబ్‌వూఫర్‌కూ మధ్య ఆర్‌సీఏ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం సులువు, బేస్ కోయని మంచి రకం అడగండి. అన్ని ప్లగ్గులూ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే చాలాసార్లు సగం హమ్ అక్కడే పోతుంది. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. హమ్ పోవచ్చు, కానీ లోపల ఏదైనా షార్టయిన రోజు పెట్టె ముట్టుకున్నవాళ్ల ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న: నాలుగో అంతస్తులో ఉంటాం. మూడో అంతస్తువాళ్లు రోజూ ఫిర్యాదు. గోడలకు రెండంగుళాల ఫోమ్ అంటిస్తే ఆగుతుందా? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: ఆగదు, డబ్బు దండగ. 50 హెర్ట్జ్ అల పొడవు ఇరవైరెండున్నర అడుగులు, రెండంగుళాల ఫోమ్ దానికి లెక్కే కాదు. ఫోమ్ గదిలో పై ఫ్రీక్వెన్సీల ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బేస్ స్లాబులోంచీ తలుపు సందుల్లోంచీ పోతూనే ఉంటుంది.

నిజంగా పనికొచ్చేది సబ్‌వూఫర్‌ను మీకు దగ్గరగా తెచ్చుకోవడం. సోఫా వెనకో పక్కనో రెండడుగుల దూరంలో పెట్టి మళ్లీ లెవెల్ కలపండి. మీకు వినిపించేది అంతే ఉన్నా, గెయిన్ గణనీయంగా తగ్గించాల్సి వస్తుంది. కింది ఇంటికి పోయేది కూడా అంత మేరా తగ్గుతుంది. దగ్గరగా ఉన్నప్పుడు చోటు తెలిసిపోకుండా క్రాస్‌ఓవర్ 80 మించనివ్వకండి. పెట్టె కింద మెత్తటి రబ్బరు ఐసొలేషన్ పాదాలు వేస్తే స్లాబుకు నేరుగా ఎక్కే అదురు కొంత తగ్గుతుంది, గాలిలో పోయేదాన్ని అవి ఆపవు. రాత్రిపూట రిసీవర్‌లో నైట్ మోడ్ లేదా డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (గట్టి సౌండ్లకూ చిన్నవాటికీ తేడా తగ్గించేది) పెట్టండి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. ఆ కొలత ఎ-వెయిటింగ్‌లోనిది. పైన చెప్పినట్టు అది 50 హెర్ట్జ్‌ను 30 డెసిబెల్స్ తక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి మీటర్ పరిమితి లోపలే ఉందని వాదించినా కింద మంచంలో పడుకున్నవాళ్లకు బేస్ తగులుతూనే ఉంటుంది. ఒకసారి వాళ్లింట్లో కూర్చుని, మీ ఇంట్లో సినిమా పెట్టించి వినండి. ఏ లెవెల్ దగ్గర వాళ్లకు వినపడటం మొదలవుతుందో రాసుకుని, రాత్రి దానికి దిగువనే ఉంచండి.

ప్రశ్న: ఒక పెద్ద సబ్‌వూఫర్ మేలా, రెండు చిన్నవా? (నెల్లూరు)

జవాబు: ఒక్కరే ఒకే కుర్చీలో వింటే ఒక పెద్దది చాలు. ఇంటిల్లిపాదీ కూర్చునేటట్టయితే రెండు తీసుకోండి, ఒకే మోడల్. సీటు సీటుకూ బేస్ మారకుండా ఉండాలంటే ఎన్ని కావాలి, ఎక్కడ పెట్టాలి అని హార్మన్ ఆడియో కంపెనీలో టాడ్ వెల్టి చేసిన పరిశీలన 2002లో వచ్చింది. ఒక్కో గోడ మధ్యలో ఒకటి చొప్పున నాలుగు పెట్టడం చాలా మంచిదని, ఎదురెదురు గోడల మధ్యలో ఒక్కొక్కటి చొప్పున రెండు పెట్టినా దానికి దగ్గరగా వస్తుందని అందులో తేలింది. ముందు గోడ మధ్య ఒకటి, వెనక గోడ మధ్య ఒకటి పెడితే పొడవు తాలూకు మొదటి మోతను రెండూ చెరోవైపు నుంచి లాగి అణిచేస్తాయి, వెడల్పుది ఎలాగూ లేవదు. రెంటికీ గెయిన్ ఒకే గీత దగ్గర పెట్టి, విడివిడిగా దూరం సరిచేసి, చివరికి రెండూ కలిపి మోగిస్తూ 75కి దించండి. కలిస్తే 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది కాబట్టి దించక తప్పదు.

ప్రశ్న: పై అంతస్తులోని మా మీడియా రూమ్‌లో 12 అంగుళాల సబ్‌వూఫర్ చక్కగా కుదిరింది. ఈ వేసవిలో సామానుతో హైదరాబాద్ వచ్చేస్తున్నాం. ఇక్కడి సెట్టింగులే అక్కడా పెట్టొచ్చా? (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: సెట్టింగులకంటే ముందు పెట్టె వెనక రేటింగ్ ప్లేటు చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. 115, 230 మధ్య మార్చే స్విచ్ ఉంటే ఇక్కడ ప్లగ్గు పెట్టేముందే 230కి జరపాలి. 120 మాత్రమే అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. 500 వాట్ల పెట్టెకు 1000 వీఏ తీసుకోండి, ఎర్త్‌ను అవతలికి అందించే రకం అయ్యుండాలి, గుడ్డిగా రెండు పిన్నుల సాకెట్ ఉన్నది వద్దు. లోపల సాధారణ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత మోడల్ అయితే 60 హెర్ట్జ్‌కు చేసింది 50 మీద ఇంకొంచెం వేడెక్కుతుంది, చుట్టూ గాలి ఆడనివ్వండి.

ఇక ధ్వని సంగతి. మీ అక్కడి గోడలు చెక్క ఫ్రేముకు కొట్టిన డ్రైవాల్ (జిప్సం పలకలు). బేస్‌కు అవి వంగుతాయి, కొంత తాగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. అందుకే శిఖరాలు మొద్దుగా ఉంటాయి. ఇక్కడి ఇటుక గోడ, ఆర్సీసీ స్లాబు బేస్‌ను దాదాపు మొత్తం గదిలోకే తిప్పికొడతాయి. అదే పెట్టె, అదే సైజు గదిలో ఇంకా గట్టిగా మోగుతుంది, శిఖరాలు వాడిగా, మోత ఎక్కువసేపు నిలిచేలా ఉంటుంది. కాబట్టి గెయిన్ తగ్గించి మొదలుపెట్టి, మోకాళ్ల మీద చోటు వెతకడం దగ్గరనుంచి అంతా మళ్లీ చేయాలి. అక్కడి చెక్క నేల మీద పెట్టె కింద వేసే ఐసొలేషన్ ప్లాట్‌ఫారం గచ్చు నేల మీద అంతగా అక్కర్లేదు, కింద ఇంకో ఫ్లాటు ఉంటే మాత్రం ఉంచండి. మిగిలేది అదురు. ఇక్కడి ఇంట్లో స్టీలు బీరువా, షోకేసు అద్దాలు, కిటికీ గ్రిల్లు ఉంటాయి. 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా ఎక్కే స్వీప్ టోన్ పెట్టి, ఒకరు గది చుట్టూ తిరుగుతూ ఏది గిలగిలలాడుతోందో దానిమీద చెయ్యి ఆనించి చూడండి. చెయ్యి పెట్టగానే శబ్దం ఆగిన ప్రతిచోటా చిన్న ఫెల్ట్ ముక్క అంటించండి. ఫొటో ఫ్రేముల వెనకా, స్విచ్ బోర్డు మూతల కిందా కూడా చూడటం మరవద్దు.